ఆపుకున్న దగ్గు

ఇవాళ పోపులో ఎండుమిరపకాయలు మాడి ఇల్లంతా ఘాటు కమ్మింది. దగ్గుతుంటే మొయినాబాదులోని మా పాత వంటిల్లు గుర్తొచ్చింది.

అప్పట్లో అమ్మకు ఎప్పుడూ ఒళ్లునొప్పులే. చేవెళ్ల దవాఖానలోనూ, పట్నంలోనూ పరీక్షలన్నీ చేసి "ఏం లేదమ్మా, అంతా బాగానే ఉంది" అని పంపేసేవారు. తిరుగు బస్సులో అమ్మ కిటికీ వైపే చూస్తూ కూర్చునేది.

ఒక సాయంత్రం నానమ్మ ఉప్పూ మిరపకాయలతో అమ్మకు దిష్టి తీసి, వాటిని పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టే, మంటలో అది పోయినట్టే లెక్క. నస్యం పీల్చీ పీల్చీ నానమ్మకు వాసనలూ ఘాటూ తెలిసేవి కావు. అందుకే మేం దగ్గుతామేమోనని మా మొహాలు చూస్తోంది. నేను దగ్గితే ఆ దిష్టి అమ్మను వదలదనుకున్నాను. గొంతు మండిపోతున్నా నోరు గట్టిగా మూసుకున్నాను.

"చూసినవా బిడ్డా, జర గూడ ఘాటు రాలే! గింత దిష్టి ఉంటే ఒళ్లు నొయ్యదా?" అంది నానమ్మ.

"నేను ఊకెనే అంటలేను గదా అత్తమ్మా" అంది అమ్మ బొంగురు గొంతుతో. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను.

ఇవాళ పొగలో నిలబడితే అర్థమైంది. ఆరోజు పొయ్యికి నాకన్నా దగ్గరగా కూర్చున్నది అమ్మ. ఆమె కూడా దగ్గు ఆపుకుంది.