ఒక్కటే ఉన్న నీలిపూల మొక్క

మా పిన్ని మొక్కల సర్వే ఉద్యోగి. ఊరి చివర మొదలయ్యే రక్షిత అడవిలో ఏ మొక్క ఎక్కడుందో వెతికి, నమూనా తెచ్చి, పేపర్ల మధ్య ఆరబెట్టి ఆఫీసులో అప్పజెప్పడం ఆవిడ పని. ఆఫీసులో చోటు చాలక, వానాకాలమంతా సగం అడవి వాళ్లింట్లో పరుపుల కిందే ఉండేది. సెలవులకు వెళ్తే మా పడక ఆ పరుపుల మీదే.

"కదలకుండా పడుకోండర్రా, ఆకు ముడత పడిందంటే నా కొంప మునుగుతుంది" అనేది. కదలకుండా పడుకోవడం మా వంశంలోనే లేదు. తెల్లారి పేపర్లు విప్పి, ముడతను బట్టి దాని మీద దొర్లిందెవరో ఇట్టే చెప్పేసేది. బాబాయి గోల వేరు. "ఈ ఇంట్లో పేపరు ముందు ఆకులు చదవాలి, తర్వాతే నేను" అని సణిగేవాడు. ఆ పచ్చి ఆకుల వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ప్రాణం లేచొస్తుంది.

ఓ చిన్న నీలిపూల మొక్క ఆ అడవిలో ఒకప్పుడు ఉండేదని పాత పుస్తకాల్లో రాసుంది. దానికోసం పిన్ని ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అడవంతా జల్లెడ పట్టింది. దొరికితే సర్వే పుస్తకంలో దాని పక్కన ఆవిడ పేరు పడుతుంది. కానీ వేరుతో సహా నమూనా ఇవ్వాలి, ఫొటో చూపిస్తే కుదరదు. రిటైరయ్యే ఏడు, ఆఖరి సర్వేలో, వాగు పక్కన బండ సందులో అది కనబడింది. పూత మీద ఉంది. చుట్టుపక్కల ఎంత గాలించినా రెండోది లేదు.

ఒక్కటే ఉంటే తియ్యకూడదు. వాళ్ల పనిలో అందరికీ తెలిసిన నియమమే, ఎప్పుడో ఒకప్పుడు అందరూ చూసీ చూడనట్టు దాటేసే నియమం కూడా.

ఆ సాయంత్రం పిన్ని ఉత్త చేతులతో ఇంటికొచ్చింది.

"పీకేస్తే ఏం పోయేదే? ఇన్నేళ్లూ దానికోసమేగా తిరిగావు!" బాబాయి లబలబలాడాడు.

"ఒక్కటే ఉందండీ."

"రేపు ఏ జింకో తినేస్తే?"

"తింటే జింక తిన్నట్టు. నేను పీకినట్టు కాదుగా."

కొన్నాళ్లకు పుస్తకం అచ్చయి వచ్చింది. పిన్ని ముందు ఆ పేజీయే తీసింది. మొక్క పేరుకు ఎదురుగా 'ప్రస్తుతం లేదు' అని వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ పేరు ఉండాల్సిన చోటు పిన్నీ ఇది!"

"పోనీలేవే. లేదని రాశారుగా, ఇక దాన్ని వెతుక్కుంటూ ఎవరూ వెళ్లరు" అంది. అంటూనే పుస్తకం మూసేసింది. ఆవిడకు ఎంత బాధేసిందో నాకు తెలుసు.

ఆ బండ ఎక్కడుందో చెప్పమని తర్వాత ఎంత బతిమాలానో! నవ్వేసి ఊరుకునేది. బాబాయికి కూడా చెప్పకుండానే కన్నుమూసింది.