కోసిన తర్వాత కొలత

ఏ చెక్క చేతికొచ్చినా సైదులు దాని అంచును కుడికంటి ముందుకు ఎత్తిపట్టి, చివరిదాకా చూసి, వంకర ఎక్కడుందో చెప్తాడు. ఎడమ కన్ను మూసే పని లేదు. ఇరవై రెండేళ్ల వయసులో ఉలి కింద నుంచి ఎగిరిన పెచ్చు దాన్ని మూసేసింది.

ఆ ఒక్క కంటితోనే నలభై ఏళ్లు ఇబ్రహీంపట్నంలో దర్వాజలు చేశాడు. ఇప్పుడు తుర్కయాంజాల్ అపార్ట్‌మెంట్లలో తలుపులు బిగిస్తాడు. మొన్న వానాకాలం టేపు మీద ఎనిమిది ఆరులా కనబడింది. తలుపు పొట్టిగా కోశాడు.

దవాఖానలో డాక్టర్ శ్రీనిధి కంటిలోకి లైటు వేసి చూసింది.

"మోతిబిందు, అదే శుక్లం, ముదిరింది, బాపు. నీ కంట్ల లెన్స్ ఎంత సైజుందో ఆపరేషన్‌ల కొలుస్తం. పాతది తీసి కొత్తది పెడతం."

"కొలిచినంకనే కోస్తరు గదా?"

"కొలవకుండ ఎట్ల చేస్తం?"

బయటికొచ్చాక భార్య ప్రేమమ్మ నవ్వింది. "డాక్టరమ్మకే పని నేర్పుతున్నవ్."

"ఉన్నది ఒక్కటే కన్ను," అన్నాడు సైదులు.

ఆపరేషన్ బల్ల మీద ముఖమంతా బట్ట కప్పారు. కన్ను ఒక్కటే బయట. నొప్పి లేదు. తెల్లటి వెలుగు, అందులో కదిలే నీడలు.

"తొమ్మిది పాయింట్ ఆరు మిల్లీమీటర్లు," అంది డాక్టర్. ఎవరో రాసుకున్నారు. సైదులుకు కొంచెం ధైర్యం వచ్చింది.

యంత్రం సన్నగా మోగింది. చెంప మీదుగా నీళ్లు కారాయి. వెలుగు చెదిరింది. పాతది పోయిందని తెలిసింది.

"మళ్ల కొలుద్దాం," అంది డాక్టర్. కాసేపాగి, "పది పాయింట్ నాలుగు."

కోసిన తర్వాత వడ్రంగి మళ్లీ టేపు తీసేది తప్పు జరిగినప్పుడే. కన్నం పెద్దదైంది. దర్వాజైతే బద్ద కొట్టి వదులు కప్పొచ్చు. కంటిలో ఏ బద్ద కొడతారు? అడగబోయాడు. తల కదిలితే లోపలున్న పనిముట్టు ఏం చేస్తుందో. బట్ట కింద తన బొటనవేలు తానే పిడికిట్లో పట్టుకుని పడుకున్నాడు.

కట్టుతో బయటికి తెచ్చారు. ఇక రెండు కళ్లూ చీకటే. ప్రేమమ్మ అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిన్నాడు.

"ఏమైంది?"

"రెండోసారి కొలిచిండ్రు."

"కొలిస్తే ఏమైతది?"

"నీకు తెల్వది."

తెల్లారి నర్సు కట్టు విప్పింది. సైదులు రెప్ప ఎత్తలేదు.

"తెరువు, తాతా."

"డాక్టరమ్మ రానీ."

"గుడ్ల మీద కోడి లెక్క కూసున్నడు," అంది ప్రేమమ్మ. ఆమె చెయ్యి మాత్రం అతని మోచేతిని వదల్లేదు.

డాక్టర్ వచ్చింది. కన్ను మూసుకునే అడిగాడు. "కోసినంక ఎందుకు కొలిచిండ్రు? పెద్దగైంది గదా?"

ఏమడుగుతున్నాడో అర్థం కావడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది.

"లెన్స్ పల్చటి సంచిల ఉంటది, బాపు. లోపలిది తీస్తే సంచి జర పరుచుకుంటది. అది ఎంతుందో కూడ చూసుకున్నం. తప్పేం జరగలే."

"కొత్తది వదులు గాదా?"

"దానికి చేతుల లెక్క రెండు కొసలుంటయి. సంచి గోడలకు ఆనుకొని నిలబడుతది."

సైదులు రెప్పను కొద్దికొద్దిగా ఎత్తాడు. ముందుగా కనబడింది డాక్టరమ్మ మెడలో వేలాడే మాస్కు, దాని తెగిన తాడుకు వేసిన చిన్న ముడితో సహా.