కొండమేక మీద వకీలు సాబ్

మా ఆట నడిపేది ఒక పళ్ల డాక్టరు. కరీంనగర్‌లో ఆమె క్లినిక్ మొదటి అంతస్తులో ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం సెలవు కాబట్టి, రోగులు కూర్చునే గదిలో బల్ల వేసుకుని ముగ్గురం ఆడేవాళ్లం. ఆమెను మేం ఆపా అంటాం, అక్కా అన్నట్టు. రెండో మనిషి వకీలు. చొప్పదండి దగ్గర పొలాలున్న కుటుంబం, కోర్టులో మంచి పేరు. మూడోవాణ్ణి నేను, జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. అందరికీ నలభై దాటాయి. అక్కడ ఏం ఆడతారని మా ఆవిడ అడిగితే క్యారమ్స్ అని చెప్పేవాణ్ణి. నిజం చెప్పాలంటే చాలాసేపు పట్టేది మరి.

నిజం ఏమిటంటే, ఆపా ఒక కథ చెబుతుంది. అందులో మా ఇద్దరికీ చెరో పాత్ర. నా పాత్ర ఏం చేస్తుందో నేను చెప్పాలి. అది కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే కుదిరినట్టు, చిన్నది పడితే చెడినట్టు. తగాదా వస్తే తిరగేయడానికి లావుపాటి నియమాల పుస్తకం ఒకటుంది. వకీలు సాబ్ ఇనుప కవచం తొడిగిన వీరుడు. నేనేమో, కోరిన జంతువుగా మారగల అడవి సన్యాసిని.

ఒక ఆదివారం కథ మమ్మల్ని కొండ కిందికి తెచ్చి వదిలింది. వెనక వాగు పొంగుతోంది. ముందు నిట్టనిలువు రాయి, దాని మీద కోట. నేను కొండమేకనవుతానన్నాను. కొండమేక రాయి ఎక్కడానికి పాచిక వేయక్కర్లేదని పుస్తకంలో ఉంది.

వకీలు సాబ్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. "అయితే నేను నీ మీదెక్కుత."

"నా మీదెందుకు?"

"మేక మీద. నీ మీద అని ఎవరన్నరు?"

సవారీ గురించి పుస్తకంలో ఒకే వాక్యం దొరికింది. జంతువు ఎక్కడికి పోతే దాని మీదున్న రౌతు కూడా అక్కడికే పోతాడు. వకీలు సాబ్‌కు అది చాలు. మేక పాచిక వేయదు, కాబట్టి రౌతూ వేయడు. చేతుల్లో కత్తీ డాలూ పెట్టుకుని నిలువు రాయి మీద ఎలా ఆగుతావని అడిగాను. పైగా అది గుర్రాలకు రాసిన వాక్యం, లోపల మనిషి ఉన్న మేకకు కాదన్నాను.

"రూపం మారినంక మనిషెక్కడిది? కొమ్ములున్నయి, గిట్టలున్నయి. చట్టం ముందట మేకే."

"మరి తెలివి ఉంటదా, పోతదా?"

"ఉంటది. పుస్తకంల ఉన్నది."

"ఉంటే నిన్ను మొయ్యనని చెప్పే తెలివి గూడ ఉంటది."

వకీలు సాబ్ మనసు నొచ్చుకుంది. ఆ ఆదివారం ఆట అక్కడే ఆగింది. మరుసటి ఆదివారం అతను నాలుగు పేజీలు టైపు చేయించి తెచ్చాడు. ఆపా వాటిని కళ్లద్దాలు పెట్టుకుని పూర్తిగా చదివి, ఫైలులో పెట్టి, "ఆలోచించుకోని చెప్త, జర టైమియ్యుండ్రి" అంది. మా పాత్రలు వారం రోజులుగా వాగు ఒడ్డునే నిలబడి ఉన్నాయి. ఇంకో వారం నిలబడ్డాయి.

మూడో ఆదివారం వకీలు సాబ్ కొత్త ప్రతిపాదన పెట్టాడు. చేసి చూస్తే తెలుస్తుందన్నాడు. క్లినిక్ మెట్లు ఎలాగూ నిటారుగానే ఉంటాయి. నేను చేతులూ మోకాళ్లూ ఆనించి ఎక్కాలి, అతను నా మీద కూర్చోవాలి. ఆపా వద్దంటుందనుకున్నాను. ఆమె మెట్ల పైన కుర్చీ వేసుకుని కూర్చుంది. డెబ్భై ఎనిమిది కిలోల వకీలును మోస్తూ మూడు మెట్లెక్కాను. నాలుగో మెట్టు మీద నడుము కలుక్కుమంది. అక్కడే ఆగిపోయాను. అప్పుడే కింద తలుపు తెరుచుకుంది.

తలకు రుమాలు చుట్టుకున్న ఒక పెద్దమనిషి లోపలికి వచ్చాడు. ఎడమ చెంప పూరీలా ఉబ్బి ఉంది. మమ్మల్ని కాసేపు చూశాడు.

"నమస్తే వకీల్ సాబ్" అన్నాడు.

ఆయనది మెట్‌పల్లి దిక్కు. మేకల మంద ఉంది. భూమి తగాదా కేసు మా వకీలు సాబ్ చేతిలోనే ఉంది. పంటి నొప్పి తట్టుకోలేక ఊళ్లో ఉన్న కూతురింటికి వస్తే, ఆమె ఇక్కడికి పంపింది.

"నమస్తే" అన్నాడు వకీలు సాబ్, నా వీపు మీది నుంచే. తరవాత ఎంతో గౌరవంగా దిగాడు.

ఆపా ఆయన్ను లోపలికి తీసుకెళ్లి సూది వేసి, చెంప మొద్దుబారేదాకా బయట కూర్చోమంది. ఆయన మా ఎదురుగా కూర్చుని, మెట్ల మీది సంగతేమిటని అడిగాడు. దాచి లాభం లేదనుకున్నాడేమో, వకీలు సాబ్ కేసు వినిపించినట్టే మొదటినుంచీ వినిపించాడు. ఆ మనిషి నవ్వలేదు. ఒక చేత్తో చెంప పట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"మేకెక్కుతది సార్" అన్నాడు చివరికి. నాలుక అప్పటికే సగం తిమ్మిరెక్కింది. "మీరే పడ్తరు. దాని వీపు మీద చెయ్యేస్తెనే ఆగది, ఇనుపంగి తొడుక్కోని కూసుంటె ఆగుతదా?"

అంటే నా మాటే నెగ్గింది, రౌతు పాచిక వేయాల్సిందే. నేను బల్ల మీద చెయ్యి చరిచాను. ఆయన నా వైపు తిరిగాడు.

"మీరు ఎన్నిసార్లు మేకయిన్రు సార్?"

"ఇదే మొదలు."

"మా మేకపిల్ల నిలవడెతందుకే నాలుగుసార్లు పడ్తది. మీకు వెనక కాళ్ల సంగతి ఎట్ల తెలుస్తది?"

నాలుగు పేజీల్లో ఈ ప్రశ్న లేదు, నా వాదనలోనూ లేదు. ఆపా ముఖంలో మూడు ఆదివారాలుగా లేని ప్రశాంతత కనిపించింది.

"బస్. ఇద్దరూ వెయ్యుండ్రి" అంది. అని, ఆయన్ను లోపలికి పిలిచి పన్ను పీకింది.

ఆయన నోట్లో దూది కరిచిపట్టుకుని వచ్చి, పాచిక పడేది చూసి పోతానని సైగ చేశాడు. వకీలు సాబ్ వేశాడు. ఇరవై. అంతకన్నా పెద్ద అంకె లేదు. కాలరు సర్దుకున్నాడు. నేను వేశాను. ఒకటి.

"రౌతు మేకను మస్తు గట్టిగ పట్టుకున్నడు. ఇగ ఏం చేసినా ఇడువడు" అంది ఆపా, ఒక్కో మాటా తూచి. "మేక జారింది."

ఇద్దరమూ వాగులో పడి కొట్టుకుపోయాం. కోట కోసం ఆపా రెండు నెలలు కూర్చుని గీసిన గదులు, సొరంగాలు, సింహాసనం ఎవరూ చూడకుండానే మిగిలిపోయాయి. అందుకని ఆ రోజంతా ముభావంగా ఉంది. ఇంటికెళ్లాక, క్యారమ్స్ ఆడితే నడుమెట్లా పట్టిందని మా ఆవిడ అడిగింది. అప్పుడు నిజం చెప్పాల్సివచ్చింది. ఆమె జండూబామ్ రాస్తూ మొత్తం విని, "పోనీ గుర్రమన్నా కాకపోతివి" అంది.

వారం తరవాత ఆ పెద్దమనిషి చిగురు చూపించుకోవడానికి వచ్చి, ఆట దగ్గర ఆగిపోయాడు. తనకూ ఒక పాత్ర కావాలన్నాడు. వీరుడా, మాంత్రికుడా అని ఆపా అడిగింది.

"నేను మేకనే. అవసరం పడ్డప్పుడు మనిషినైత" అన్నాడు.

ఆపా పుస్తకం తెరిచి చాలాసేపు వెతికింది.