హన్నమ్మ పి.పి. నంబరు

హన్నమ్మ గురించి చెప్పాలంటే ముందు నన్ను నేను నాలుగు తిట్టుకోవాలి. సరే, అవి వాటి చోటు వచ్చినప్పుడు తిట్టుకుంటాను. ముందు ఆమె సంగతి వినండి.

ఆళ్లగడ్డ బస్టాండుకు ఎదురు వరసలో పక్కపక్కనే రెండు గదులు. ఒకటి నాది, సంజీవయ్య జాబ్ టైపింగ్. మొదట్లో టైపు మిషను, తర్వాత కంప్యూటరు, జిరాక్సు. రెండోది హన్నమ్మ ఎస్టీడీ బూత్. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోతే, వికలాంగుల కోటాలో తొంభై మూడులో ఆమెకు ఆ బూత్ ఇచ్చారు. నంద్యాల మిషన్ బడిలో పదో తరగతి దాకా చదివింది. ఆమె ఇంగ్లీషు ఎంత శుభ్రంగా ఉండేదంటే, బ్యాంకు మేనేజరు కూడా భయపడి ఆమెతో తెలుగులోనే మాట్లాడేవాడు. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క ప్లైవుడ్ గోడ. ఆమె ఫోన్‌లో ఏం మాట్లాడినా నా చెవిన పడకుండా పోదు.

అప్పట్లో మా ఊళ్ళో ఇంటింటికీ ఫోన్లెక్కడివి? అందరూ హన్నమ్మ నంబరే రాసుకునేవారు, పక్కన పి.పి. అని పెట్టి. ఈ ఫోను మాది కాదు, చేస్తే పిలుస్తారు అని దాని అర్థం. పెళ్ళి సంబంధాలకు, ఉద్యోగం దరఖాస్తులకు, అన్నిటికీ అదే నంబరు. పదేళ్ళుగా ఆ కాగితాలన్నీ కొట్టింది నేనే. ఆ అంకెలు పడగానే నా వేళ్ళు వాటంతటవే పి.పి. అని కొట్టేసేవి.

హన్నమ్మకు ఒక పట్టుదల ఉండేది. ఎవరి కబురైనా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, మాట కలపకూడదు, మాట తగ్గించకూడదు. దానికి కారణం ఇస్సాకు. వాడు బెంగుళూరులో సెంట్రింగు పని చేసేవాడు. తొంభై అయిదులో వాళ్ళ నాయన చనిపోతే కబురు చెప్పమని ఇంటివాళ్ళు వచ్చారు. ఈమె జాలిపడి, ‘నాయనకు కొంచెం బాగలేదు, రా’ అని మెత్తగా చెప్పింది. వాడు స్లాబు పని ముగించుకుని మరుసటి రోజు సాయంత్రానికి దిగాడు. అప్పటికి మట్టి చేసేశారు. వాడు బూత్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సచ్చిపోయినాడని చెప్పింటే ఆ పొద్దే బస్సెక్కేటోన్ని గదక్కా," అన్నాడు. అంతే, తిట్టలేదు, వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే ఆమె మరిచిపోయేదేమో!

బూత్ ఎదురుగా రోడ్డు అవతల మహేశ్వరాచారి రాళ్ళు చెక్కే పాక. ఆయన చెల్లెలు సునీత నంద్యాలలో ఎంసీఏ చదివి, రెండువేల సంవత్సరంలో హైదరాబాదులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పనికి చేరింది. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఆఫీసు నుంచే ఫోన్ చేసేది. హన్నమ్మ స్కేలుతో ఇనుప గ్రిల్లు మీద మూడు దెబ్బలు కొడితే, ఆ పక్క ఉలి చప్పుడు ఆగేది, ఆచారి రాతిపొడి దులుపుకుంటూ పరిగెత్తి వచ్చేవాడు. ఆయన వచ్చేలోగా సునీతతో రెండు మాటలు హన్నమ్మవే.

"ఆదివారం గూడా పనేనా పాపా? సంగటి తింటాండావా, లేకపోతే ఆ బన్నులేనా?"

"బన్నులే అక్కా! నువ్వొచ్చి వండి పెట్టు," అని ఆ పిల్ల నవ్వేది.

రెండేళ్ళయ్యాక అమెరికాలో కంప్యూటర్ కంపెనీలు బోర్లా పడ్డాయి. ఇక్కడ సునీత పనిచేసే కంపెనీ ఒక సోమవారం తలుపులకు తాళం వేసింది. యజమాని లేడు, కాగితం లేదు, చేసిన పనికి రుజువు లేదు. ఆ పిల్ల ఎనిమిది నెలలు హైదరాబాదులో ఎండలో వరసల్లో నిలబడింది. ఒక్క ఉద్యోగానికి మూడు వందల మంది. అందరూ అడిగేది ఒకటే, అనుభవం లెటరు ఏది అని. చివరికి ఊరికి తిరిగొచ్చేసింది.

రెండువేల మూడు ఎండాకాలంలో పాత స్నేహితురాలి ద్వారా అమెరికా కంపెనీ ఒకటి ఏడాది కాంట్రాక్టుకు పిలిచింది. ఫోన్‌లో పరీక్ష పెట్టారు. పొద్దున్నే ఆరింటికి హన్నమ్మ బూత్‌లో, అద్దాల గదిలో, నలభై నిమిషాలు. చప్పుడవుతుందని హన్నమ్మ ఫ్యాను ఆపేసింది. సునీత చెమటలు కక్కుతూ అన్నిటికీ జవాబు చెప్పి, గెలిచి బయటికి వచ్చింది. ఇక వీసా ఒక్కటే మిగిలింది. దానికి మళ్ళీ అదే లెటరు కావాలి.

నంద్యాలలో ఒక కన్సల్టెన్సీ ఆయన ఉండేవాడు, కాంట్రాక్టు పనులకు మనుషుల్ని పంపేవాడు. ఆయన ఒక నమూనా చేతికిచ్చి, "లేని కంపెనీ పేరు పెట్టుకోండి, ఫోనెత్తి ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళ నంబరు ఒకటి వేయండి, చాలు," అన్నాడట. సునీత అది పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. హన్నమ్మతో నేను మాట్లాడతాలే అని భరోసా ఇచ్చాను. అడిగాను కూడా.

"నా నోట అబద్ధం చెప్పించొద్దు సంజీవయ్యన్నా," అని ఒక్క మాటలో తేల్చేసింది.

ఇదిగో, నన్ను తిట్టుకోవాల్సిన చోటు వచ్చింది. ఎవడు చేస్తాడులే ఫోను అనుకున్నాను. ఆమె కాదన్నా ఆమె నంబరే పెట్టి ‘నల్లమల సాఫ్ట్‌టెక్’ అని లెటర్‌హెడ్ కొట్టాను. కొట్టి ఊరుకున్నానా? నూట ఇరవై మంది ఇంజినీర్లున్న కంపెనీ అని పైన రాసి, కింద ఫోన్ నంబరు పక్కన పి.పి. అని కొట్టాను. అలవాటు! నా వేళ్ళు విరగ! ఎవరూ చూడలేదు. సునీత చూడలేదు, ఆచారి చూడలేదు, నేనూ చూడలేదు.

సెప్టెంబరు మొదటివారం, బుధవారం. వీసా కోసం మద్రాసులో అమెరికా వాళ్ళ ఆఫీసుకు పోయిన సునీత అక్కడి నుంచి ఫోను. ఆచారి ఎత్తాడు. పాస్‌పోర్టు పెట్టుకున్నారని, లెటరు మీది నంబరుకు వాళ్ళు ఫోన్ చేస్తారని చెప్పి, ఏడుస్తూ పెట్టేసింది. ఆచారి ఫోను పెట్టేసి హన్నమ్మ వైపు తిరిగాడు.

"హన్నమ్మా, వాళ్ళు ఫోన్ జేస్తే ఔనను చాలు. ఆ కంపెనీ ఇదే అను. నా చెల్లెలు బతుకు నీ నోట్లో ఉండాది."

"ఏ కంపెనీ? నా నోట్లో ఎందుకు పెట్టినారప్పా? నేను సరే అన్నానా?"

"సంజీవయ్య అడిగినాడంట గదా!"

ఇద్దరూ నావైపు తిరిగారు. నసుగుతూ అసలు సంగతి చెప్పాను. హన్నమ్మ అరవలేదు. జిరాక్సు కాపీ తెమ్మని, చదివి, నంబరు పక్కన వేలు పెట్టి చూపించింది.

"ఇదేందీ?"

అప్పుడు చూశాను ఆ పి.పి.

ఆ పూట నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. ఫోను మోగితే ముగ్గురి ప్రాణాలూ పైకి లేచేవి. బుధవారం పదకొండు సార్లు మోగింది. ఎరువుల కొట్టువాడికి, అహోబిలం బస్సు టైము అడిగేవాళ్ళకు, ఎవరికో పుట్టిన మనవడికి. ఆచారి ఉలి పట్టుకుంటాడు గానీ దెబ్బ పడదు. హన్నమ్మ ఏం చెబుతుందో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యం నాకు లేదు.

గురువారం యేసురత్నం వచ్చి బెంచీ మీద పేపరు పరిచాడు. ఆయన హన్నమ్మ అన్న, నంద్యాల మార్కెట్ యార్డులో హమాలీల నాయకుడు. వచ్చే నెల నుంచి అమెరికా వీసాలు మూడో వంతుకు దించుతుందని అందులో ఉంది.

"వాళ్ళకే పనుల్లేవంట. బయటోళ్ళొచ్చి తక్కువ కూలికి చేస్తాండారని గలాటా చేస్తాండారు. నిరుడు యార్డులోకి పొరుగు జిల్లా కూలోళ్ళను దించితే మనం లారీకడ్డం పండుకోలేదా? అట్లనే అనుకో."

ఆచారికి ఒళ్ళు మండిపోయింది. "అయితే మా సునీత ఎవురి కూడు లాక్కునిందిరా?"

"పాపను అనలేదప్పా. ఆ కూలోళ్ళను గూడా నేనేమీ అనలా, వాళ్ళకు నీళ్ళిచ్చినా. తక్కువకు తోలుకొచ్చి మధ్యలో మిగిలించుకునేటోన్ని అన్నా. ఆ నంద్యాల కన్సల్టెన్సీ నాబట్టను అడుగు పోయి, ఈ పాపను పంపిస్తే వానికెంతో!"

మాటకు మాట పెరిగి ఇద్దరూ చొక్కాలు పట్టుకునేదాకా పోయింది. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. ఇద్దరూ చేతులు వదిలేశారు. రాంగ్ నంబరు.

శుక్రవారం పదకొండు గంటలకు వచ్చింది అసలుది. హన్నమ్మ హలో అన్న తీరులోనే తెలిసిపోయింది నాకు. నేను పని వదిలేసి గుమ్మంలోకి వచ్చాను. ఆచారి రోడ్డు దాటి వచ్చి, ఉలి చేతిలోనే ఉంచుకుని, ఆమె ముందు నిలబడి తల ఊపుతున్నాడు. ఔనను, ఔనను అని.

హన్నమ్మ ఆయన మొహంలోకే చూస్తూ ఇంగ్లీషులో చెప్పింది. "లేదు మేడమ్. ఇక్కడ కంపెనీ లేదు. ఇది పబ్లిక్ టెలిఫోన్ బూత్. నేను దీని ఆపరేటర్ని, పేరు హన్నమ్మ."

ఆ పక్క ఏదో అడిగారు. పి.పి. అంటే ఏంటో ఈమె విడమర్చి చెప్పింది. పెట్టేయబోతున్నారేమో, ఒక్కసారిగా గొంతు పెంచింది.

"ఒక్క నిమిషం మేడమ్! కాగితం అబద్ధం, పని అబద్ధం కాదు. ఆ అమ్మాయి హైదరాబాదులో రెండేళ్ళు పనిచేసింది. ప్రతి ఆదివారం ఆఫీసు నుంచి ఫోన్ చేసేది. ఎత్తింది నేనే." కొంచెం ఆగి, "లేదు మేడమ్, చూపించడానికి కాగితం లేదు," అంది.

ఫోను పెట్టేసింది.

"కాలొక్కటే అవిటిదనుకుంటినే!" అన్నాడు ఆచారి. "మనసు గూడా అవిటిదే నీది."

అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. తప్పు నాదిరా అనాల్సింది. అనలేదు. లోపలికి పోయి జిరాక్సు మిషను ఆన్ చేసుకుని, ఏ కాగితమూ లేకుండానే దాని ముందు నిలబడ్డాను. గోడ అవతల హన్నమ్మ ఏడుపు విన్నాను. పదేళ్ళలో అదే మొదటిసారి.

మంగళవారం సునీత బస్సు దిగింది. మొహం పీక్కుపోయి ఉంది. పాకలోకి కాదు, నేరుగా బూత్‌కే వచ్చింది. వెనకే ఆచారి, "దాని మొగం జూడొద్దు, రా," అంటూ వచ్చాడు. నేను గోడకు అతుక్కుపోయాను.

"వీసా ఇయ్యలేదు," అంది సునీత. "అక్కా, ఫోన్లో ఏం చెప్పినావు?"

హన్నమ్మ చెప్పింది. మాట కలపలేదు, మాట తగ్గించలేదు.

సునీత బెంచీ మీద కూలబడింది. "నేనూ అదే చెప్పినా అక్కా. కిటికీ కాడ ఆయమ్మ పి.పి. అంటే ఏందని అడిగింది. అబద్ధమాడేదానికి నాకు నోరు పెగల్లేదు. కాగితం దొంగది, పని మాత్రం నిజం అని చెప్పేసినా. నా మాట నిజమా కాదా చూద్దామని నీకు జేసినారు. నువ్వు ఔనని ఉంటే నేను రెండుసార్లు అబద్ధమాడినదాన్ని అయిపోదును." అన్న వైపు తిరిగింది. "నీకు చెప్పడానికి సిగ్గయిందిన్నా."

ఆచారి ఉలి వైపు చూసుకున్నాడు, నేల వైపు చూశాడు. హన్నమ్మ వైపు మాత్రం చూడలేకపోయాడు.

"మరి ఇద్దరూ నిజమే చెప్తే ఎందుకియ్యలా?"

"కాగితం దొంగదే గదన్నా."

ఆ కాగితం నాది. ఆ పిల్ల నన్ను ఒక్క మాటా అనలేదు. రెండు చెంపలూ వాయించి ఉంటే బాగుండేది.

వారం తర్వాత సునీత నా గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. హైదరాబాదుకే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. తను చెబుతుంటే నేను కొడుతున్నాను. అనుభవం, రెండేళ్ళు. కంపెనీ మూతపడింది. లెటరు లేదు.

"మీ గురించి చెప్పగలిగేవాళ్ళ పేరు, ఫోన్ నంబరు," అని చదివాను. అక్కడ ఆగాను. వేళ్ళు ముందుకు పడలేదు.

గోడ అవతల నుంచి హన్నమ్మ గొంతు వచ్చింది. ఆ బుధవారం తర్వాత నాతో ఆమె మాట్లాడింది అప్పుడే.

"సంజీవయ్యన్నా, ఆ పొద్దు అడిగి, వద్దంటే పెట్టినావు. ఈ పొద్దు గూడా అడుగు."

నేను లేచాను. గదిలోంచి బయటికి వచ్చి, బూత్ ముందు, ఇస్సాకు నిలబడిన చోటే నిలబడ్డాను.

"హన్నమ్మా, నీ నంబరు పెట్టుకుందునా?"

"పెట్టు," అంది. "పక్కన పి.పి. అని గూడా కొట్టు."