అమ్మ నుదుట నేను పెట్టిన విభూతి

మదురైలో ఓ కాలేజీలో నేను చరిత్ర చెబుతాను. చివరి కాలపు రోమన్ చక్రవర్తుల్లో ఒకడి పాఠం ఏటా వస్తుంది. క్రైస్తవుడిగా పెరిగి, ఆ మతం వదిలేసి, తాతలనాటి దేవుళ్ల దగ్గరికి తిరిగి వెళ్లినవాడు. యూదులు పూర్వీకుల ఆచారం విడవలేదని మెచ్చుకున్నాడు. కూలిపోయిన యూదుల గుడిని మళ్లీ కట్టిస్తానన్నాడు. యూదుల మీద ప్రేమా పాడా? క్రైస్తవుల మీద కోపం, అంతే. ఈ మాట క్లాసులో గొంతు చించుకుని చెప్పేవాణ్ణి. నా ఇంట్లో నేను చేసింది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా తాతలు తెలుగు మాట్లాడుకుంటూనే ఈ ఊరి వీధులు ఊడ్చారు. అమ్మా ఊడ్చింది. అమ్మ చర్చికి వెళ్తుంది. కాగితాల మీద మాత్రం మేం హిందువులం, ఎందుకంటే క్రైస్తవులమని రాస్తే షెడ్యూల్డ్ కులం హక్కు పోతుంది. చెల్లెలికి ఆ హక్కు కింద గవర్నమెంటు ఉద్యోగం వచ్చినప్పుడు ఎవడో పుణ్యాత్ముడు వీళ్లు చర్చికి పోతారని అర్జీ పెట్టాడు. కుల సర్టిఫికెట్ విచారణకు ఆఫీసరు ఇంటికే వస్తాడన్నారు.

ఆ పొద్దున గోడమీది సిలువ తీసి బియ్యం డబ్బాలో దాచాను. పక్కింట్లో అడిగి పళని మురుగన్ పటం తెచ్చి తగిలించాను. అమ్మ నుదుట విభూతి నేనే పెట్టాను. ఏసు గురించి అడిగితే తెలియదని చెప్పమని, పిల్లకి ఎక్కం నేర్పినట్టు అమ్మచేత మళ్లీ మళ్లీ వల్లె వేయించాను. సిగ్గు లేదు నాకు.

ఆఫీసరు మంచివాడే. కాఫీ తాగాడు. పటం చూసి, "తాతలు నడిచిన దారి విడవకూడదమ్మా, అదే మనిషికి గౌరవం" అని తమిళంలో మెచ్చుకున్నాడు. నా పాఠంలోని చక్రవర్తే మా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నట్టు అనిపించింది. ఆ తర్వాత అడిగాడు, "ఏసును మొక్కుతారా?"

అమ్మ నా వైపు చూసింది.

"ఆయన ఎవరో నాకు తెలవదు సార్" అంది.

సర్టిఫికెట్ నిలబడింది. చెల్లెలు డ్యూటీలో చేరింది. ఆ ఆదివారం అమ్మ చర్చికి వెళ్లలేదు. పై ఆదివారమూ వెళ్లలేదు. మూడో ఆదివారం నేనే బైబిలు సంచి తీసి చేతికిచ్చాను.

"ఏ మొగం పెట్టుకొని పోయేది సామీ?"

"ఏసు పెద్ద శిష్యుడు కూడా ఆయన ఎవరో తెలవదనే చెప్పినాడు గదమ్మా, మూడుసార్లు. అతన్ని ఏసు మన్నించలేదా?"

అమ్మ సంచి నా ఒళ్లో పెట్టేసింది.

"అతను బయపడి చెప్పినాడు. అతనికి కన్నకొడుకు కూచోబెట్టి నేర్పియ్యలేదు."