తాత గొంతుతో నేనన్న మాట

చాలా ఏళ్లుగా ఒక గొంతును మోస్తున్నాను. నాది కాదు, ఖాసిం తాతది. మీరు నన్నెరుగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది కట్టంగూర్ వైపు ఊరు. బడి మధ్యలోనే ఆగిపోయింది. హెడ్మాస్టరు గొంతుతో మైకులో సెలవు ప్రకటించాను. పిల్లలంతా మళ్లీ మరునాడు వచ్చారు, నేను మాత్రం ఆ సెలవులోనే ఉండిపోయాను. తర్వాత బాపు వెంట గొర్రెలు కాశాను. సర్పంచి దగ్గు, బస్సు కండక్టరు కేక, మా అవ్వ తిట్టు, ఏదైనా ఒకసారి వింటే చాలు, నా నోట్లోకి వచ్చేసేది.

ఖాసిం తాత మా ఊరి పీర్లకొట్టం, అంటే పీర్లను నిలిపే చావిడి, చూసుకునేవాడు. పీర్ల పండుగకు పెద్ద పీరును ఎత్తుకునేది మాత్రం మా గొర్రెల కాపరుల ఇళ్లవాళ్లే. తాతల కాలం నుంచీ అంతే. ఒక ఏడు పండుగ దగ్గర పడ్డాక, తమాషాకు, తాత గొంతుతో ఫోన్లో మాట రికార్డు చేశాను. "గొర్ల కంపు గొట్టెటోళ్లు ఈసారి పీరును ముట్టొద్దు." ఎక్కడో దొరికిందంటూ దోస్తులకు పంపి పడీ పడీ నవ్వాను. ఆ కంపు నాకూ ఉంది కదా, నన్ను నేనే వెక్కిరించుకుంటున్నాను అనుకున్నాను. అది చేతులు మారి ఊరంతా పాకింది, నిజంగా తాతే అన్నాడనుకున్నారు.

ఆ పండుగకు మావాళ్లు ఒక్కరూ కొట్టం గడప తొక్కలేదు. డప్పు మోగలేదు. తాత ఎదురుపడితే బాపు మొహం తిప్పుకున్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? బాపు కొడతాడనా? కాదు. చదువూ లేదు, నౌకరీ లేదు, నేను వస్తుంటే జనం ముందే నవ్వడం మొదలుపెట్టేవారు, అదొక్కటే నాకున్నది. అది పోతుందని భయపడ్డాను.

తాత మనవడు రఫీ నా దోస్తు. ఫోను చెడగొట్టినదాన్ని ఫోనుతోనే బాగుచేద్దామన్నాడు. వీళ్ల మాట వాళ్లకు, వాళ్ల మాట వీళ్లకు, మొహం కనిపించేలా వీడియో తీసి చూపించాలి. మొహం లేని మాటను ఎవరూ నమ్మొద్దు. అందరికంటే ముందు సరేనన్నది నేనే.

మొదటి వీడియో తాతది. రఫీ మా బాపును బతిమాలడానికి పోయాడు. కొట్టం అరుగు మీద తాత, ఎదురుగా ఫోను పట్టుకుని నేను.

"నేనట్ల అనలేదని చెప్పు తాతా. గంతే చాలు."

తాత తల అడ్డంగా ఊపాడు.

"మస్తుసార్లు విన్న బిడ్డా. గా గొంతు నాదే. ఎన్నడన్ననో యాదికొస్తలేదు. ముసలోన్నైతి, అన్ననేమో."

"నువ్వట్ల అనెటోనివి కావు."

"నువ్వు మంచోనివి గాబట్టి అట్లంటున్నవ్. మాఫీ అడుగుత, తియ్యి. జర ఫోను సక్కగ పట్టు. ముసలోన్ని నేనా, నువ్వా? ఫోను పక్కకు ఒరుగుతాంది."

అడిగాడు. తాను అనని మాటకు, రెండు చేతులూ జోడించి. నేను తీస్తూనే ఉన్నాను. ఆపేసే మీట నా బొటనవేలి కిందే ఉంది.

అది చూసి బాపు ఏడ్చాడు. మరుసటి పండుగకు పీరును ఎత్తుకున్నాడు. పక్క ఊళ్లలో తగాదా వస్తే అక్కడి కుర్రాళ్లు మమ్మల్ని పిలవసాగారు. మా వీడియోలు చూసి కొందరు మళ్లీ మాట కలిపారు. నల్గొండలో ఎవరో పిలిచి శాలువా కప్పారు. ఆ పని అబద్ధం కాదు. మరి దాని మొదలు? మంచి జరిగింది కదా అని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. అయితే తాత పోయేదాకా, ఏదైనా అన్న వెంటనే "గిప్పుడు నేనేమన్న?" అని రఫీని అడిగేవాడు. తన నోటిని తానే నమ్మలేకపోయాడు. ఆ నమ్మకాన్ని తీసుకున్నది నేను. తిరిగి ఇవ్వడానికి ఇప్పుడు ఆయన లేడు.

మొన్న రఫీ తాతను తలచుకుని అడిగాడు. అందరి గొంతులూ చేస్తావు కదా, దాదా గొంతు ఒక్కసారి వినిపించరా, వినాలని ఉంది అన్నాడు. అదొక్కటి నాకు రాదన్నాను.

వస్తుంది రఫీ. అన్నిటికన్నా అదే బాగా వస్తుంది.