ఆ ఏడాది ఆరు మాటలే

మా చిన్నప్పుడు... గుడ్ ఫ్రైడే నాడు, నిండు గుడిలో మా అమ్మ లేచి నిలబడి "నాను ఈ మాట సెప్పనేను అయ్యగారూ" అంది.

మాది చింతపల్లి పైన కొండమీద ఊరు. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్ని మా గుడిలో ఊరివాళ్లే ఏడుగురు చెప్పేవారు. ఎవరికి ఏ మాటో మా పాస్టరు అయ్యగారు ముందొచ్చే మట్టల ఆదివారం నాడే చెప్పేసేవారు. ఆ ఏడాది అమ్మకి మొదటి మాట పడింది... తనని చంపుతున్నవాళ్లని క్షమించమని, వాళ్లేం చేస్తున్నారో వాళ్లకి తెలియదని తండ్రిని అడిగిన మాట. కావాలనే ఇచ్చారో, వరసలో పడిందో నాకు తెలియదు.

అంతకుముందు వానాకాలంలోనే మా చెల్లి రూతు పోయింది. జ్వరం. ఊరికి ఉన్నది ఒక్కటే జీపు, బర్నబాసు మామది. జీపు నిండితేగాని కదిలేది కాదు. నాన్న ఆయన చేతులు పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లమని బతిమాలాడు. సంతకి వెళ్లేవాళ్లు వచ్చేదాకా మామ కదల్లేదు. ఘాట్ రోడ్డు సగం దిగేసరికే అమ్మ ఒళ్లో చెల్లి చల్లబడిపోయింది...

ఆ బర్నబాసు మామ ఆ రోజు గుడిలో మగవాళ్ల వైపు చాప మీద కూర్చుని ఉన్నాడు. మాలాగే ఉపవాసం, మాలాగే తెల్లబట్టలు.

"ఈళ్లకి తెలీదు అన్నాడు ప్రెబువు," అంది అమ్మ. "బర్నబాసన్నకి తెల్సు. పిల్ల నుదుటి మీద సెయ్యేసి సూసినాడు. సూసి, ఇంకో నలుగురు రానీ అన్నాడు. ఈ మాట నానెలాగ సెప్తాను?"

నాయనమ్మ పక్కనుంచి చీరకొంగు పట్టి లాగుతోంది. అమ్మ కూర్చోలేదు. అప్పుడు బర్నబాసు మామ లేచాడు. ఎదురు తిరుగుతాడనుకున్నాం...

"నిజిమే అయ్యగారూ. నాకు తెల్సు," అన్నాడు. అని తలొంచుకుని కూర్చుండిపోయాడు.

అయ్యగారు రెండో మాట చెప్పాల్సిన మనిషిని పిలిచారు. ఆ ఏడాది మా గుడిలో ఆరు మాటలే.

దేవుడి మాటనే కాదంటుందా అని ఊరంతా అమ్మని ఆడిపోసుకుంది. నాయనమ్మయితే మా కోడలికి నరకమేనని ఒకటే ఏడుపు. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తుంటే అయ్యగారు అమ్మ దగ్గరికొచ్చి "నువ్వు గుడిలో అబద్ధం ఆడలేదమ్మా, ఈ ఏటికి అది చాలు" అన్నారు. అమ్మ అప్పుడు ఏడ్చింది.

తర్వాత ప్రతి మట్టల ఆదివారం నాడూ అయ్యగారు అమ్మ వైపు చూసేవారు. అమ్మ తల అడ్డంగా ఊపేది. ఆ మాట ఇంకెవరికో వెళ్లేది... అలా ఏళ్లు గడిచాయి.

ఒక రోజు, పండగా కాదు, ఆదివారమూ కాదు... చోడిచేలో, అదే రాగి చేలో, కలుపు తీస్తున్నాం. అమ్మ ఉన్నట్టుండి నడుం ఎత్తి, చేతుల మట్టి కూడా కడుక్కోకుండా ఊళ్లోకి నడిచింది. ఏం గొడవ పెడుతుందోనని భయపడి నేను వెనకే పరిగెత్తాను.

బర్నబాసు మామ అరుగు మీద ఉన్నాడు. అమ్మని చూసి లేచి నిలబడ్డాడు.

"అన్నా, నీ మీద కోపం ఒగ్గీసినాను," అంది అమ్మ, వదిలేశానని. అంతే. ఆయన ఆ అరుగు మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దారిలో "ఏటయిందే అమ్మా?" అనడిగాను.

"ఏటీ అవ్వనేదు. ఈయేళ నోటికి ఆ మాట వచ్చింది. బేగి సెప్పీకపోతే మల్లీ పోద్దేమోనని..." అంది.

ఇప్పుడు మాది స్లాబు గుడి. మైకులున్నాయి, కొండ కింద నుంచి ప్రసంగీకులొస్తారు. మొదటి మాట నీళ్లు తాగినంత సులువుగా చెప్పేసి, రెండో మాటకి వెళ్లిపోతారు.

ఆ మాట దగ్గర ఆగిపోయిన మనిషిని మీ గుడిలో మీరెప్పుడైనా చూశారా... చూస్తే కింద రాయండి. నాకిప్పుడు ఎక్కడా కనబడటం లేదు.